చెన్నకేశవులు బ్యాటరీకి పట్టిన హారతి

కోపాల రాయుడు కోటెక్కినాడు,
కోటలో చిలకలు కూత మానేను…

చిన్నప్పుడు చెమ్మచెక్క ఆడుతూ ఈ పాట పాడుకునేవాళ్ళం. తర్వాత చరణంలో ఏదో తలుపు వస్తుంది. ఆ తలుపు ఎవరు వేశారో, ఎవరు తీశారో ఎంత తలుచుకున్నా నాకు గుర్తు రావడం లేదు. చిలకలు ఎందుకు కూత మానాయని మా అమ్మని అడిగితే, పాటకి అర్థాలేమిటే, పోయి ఆడుకో అంది. అర్థం నాకు తల నెరిశాక తెలిసింది. ఎలా తెలిసిందో చెప్తాను, కూర్చోండి.

మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీల వెనక వీధిలో, ఎదుటివాళ్ళ మాట సగంలో ఉండగానే మండిపడే చెన్నకేశవులు అనే బాడుగ కారు డ్రైవరు ఉండేవాడు.

అతనికి ఇంకే చెడ్డ అలవాటూ లేదు. తాగేవాడు కాదు. బాడుగ దొరికినా దొరక్కపోయినా పొద్దున్నే కారు కడిగి, అద్దాలు తుడిచి ఇంటి ముందు నిలబెట్టేవాడు. ఆ తెల్ల కారే ఆ ఇంట్లో ముగ్గురికీ అన్నం పెట్టేది. అతని భార్య వెంగమ్మ. కూతురు ప్రసన్న. వాళ్ళ ఇంటికీ మా ఇంటికీ మధ్య నడుమెత్తు గోడ ఒక్కటే అడ్డం. సాయంత్రంపూట ప్రసన్న ఆ గోడ దూకి వచ్చి నాకు అక్షరాలు దిద్దించేది. గుణింతాల దగ్గర నేను తడబడితే, మళ్ళీ రాయి అవ్వా, తొందరేముంది అనేది. అలాంటి ఇంట్లో ఇంత నిదానమైన పిల్ల ఎలా పుట్టిందా అని నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

కారు గురించి ఎవరైనా చిన్న మాట అంటే చాలు, చెన్నకేశవులు తన తల్లిని తిట్టినట్టు లేచేవాడు. అతనికి ఒక పట్టింపు ఉండేది. బండి దగ్గర అశుభం పలకకూడదు. టైరులో గాలి తగ్గినట్టుందంటే అశుభం. ఏదో చప్పుడు వస్తోందంటే అశుభం. చెప్పినవాళ్ళ నోటి వల్లే చెడు జరుగుతుందని అతని నమ్మకం. డ్రైవర్లలో చాలామందికి ఈ పట్టింపు ఉంటుంది, నేను కాదనను. కానీ వాళ్ళు ముఖం చిట్లించి ఊరుకుంటారు. ఇతను ఊరుకునేవాడు కాదు.

ఒకసారి ముగ్గురూ కారులో త్రిపురాంతకం గుడికి బయల్దేరారు. దారిలో వెంగమ్మకి వైరు కాలుతున్న వాసన వచ్చింది. ఏమండీ, ఏదో కాలుతున్నట్టుంది అంది. అంతే, అతను కారు పక్కకి ఆపాడు. దేవుడి దగ్గరికి పోతూ అనాల్సిన మాటేనా ఇది అని అరిచి, తల్లినీ బిడ్డనీ ఎండలో దింపి, తానొక్కడే ముందుకు పోయాడు. తలదాచుకోవడానికి ఒక తుమ్మచెట్టు కూడా లేని చోటు అది. వచ్చేపోయే లారీలవాళ్ళు వాళ్ళని చూసి నవ్వుతూ హారన్లు కొట్టారట. ఎండ తగ్గాక అతను వెనక్కి వచ్చి ఎక్కమన్నాడు. ఇల్లు చేరేలోగా స్టీరింగు కింద వైరు నిజంగానే కాలి పొగ లేచింది. అప్పుడైనా ఆమె చెప్పింది నిజమని ఒప్పుకున్నాడా? లేదు. నీ నోటి వల్లే కాలిందని మళ్ళీ తిట్టాడు.

మర్నాడు వెంగమ్మ గోడ దగ్గరికి వచ్చింది. ఆమె ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకే కొంచెం నయంగా ఉండేది.

"పెద్దమ్మా, ఇంకొక్కసారి ఆ మనిషి నన్నూ నా బిడ్డనీ నిలువునా చంపేంత పని చేస్తే, పొదిలిలో మా తమ్ముడింటికి పోతా. మళ్ళా ఈ గడప తొక్కను" అంది.

ఆమె మాట వరసకి అనే మనిషి కాదు. ఆమె తమ్ముడు అప్పటికే అక్క కోసం ఒక గది ఖాళీ చేయించి పెట్టాడు. ఆ ఇల్లు విరిగిపోవడానికి ఇంకొక్క అరుపే మిగిలిందని మా వీధిలో అందరికీ తెలుసు, చెన్నకేశవులికి తప్ప. అతనికి చెప్పేదెవరు? ఆ రోజు నుంచి వెంగమ్మ కారు గురించి పెదవి విప్పడం మానేసింది. ఇప్పుడు ఇల్లు ప్రశాంతంగా ఉందని అతను సంతోషించాడు.

అంతలో దసరా వచ్చింది.

దుర్గాష్టమి పొద్దున చెన్నకేశవులు తాళం తిప్పితే కారు టక్కుమని ఊరుకుంది. మళ్ళీ తిప్పాడు. ఈసారి ఆ టక్కు కూడా లేదు. బ్యాటరీ పూర్తిగా దిగిపోయింది. తెల్లవారితే ఆయుధపూజ. పండగనాడేమో ఒక కుటుంబాన్ని శ్రీశైలం తీసుకుపోతానని మాటిచ్చి ఉన్నాడు.

కారు లోపలి లైటు తెల్లవార్లూ వెలుగుతూనే ఉండిపోయింది. ఎవరు వేశారు, ఎవరు వేశారు అని వీధి వీధంతా వినేలా అడిగాడు. వేసింది ప్రసన్న. చెవి కమ్మ శీల పడిపోతే వెతుక్కోవడానికి ముందు రోజు సాయంత్రం కారులో దూరింది. లైటు వేయడం తెలిసింది గానీ ఆపడం తెలియలేదు. తండ్రికి ఒక్క మాట చెబితే చిటికెలో ఆపేవాడు. కానీ ఆ ఒక్క మాట చెప్పాలంటే, నా కారులోకి ఎందుకు పోయావు అనే అరుపు దాటాలి. ఆ పిల్ల దాటలేకపోయింది. కిటికీలోంచి ఆ లైటునే చూస్తూ నిద్రపోయింది. ఇదంతా తర్వాత నా చెవిలో చెప్పింది. ఆ పొద్దున మాత్రం నేలచూపులు చూస్తూ నిలబడింది. ఎవరూ ఒప్పుకోకపోయేసరికి అతను పిల్ల బడిసంచీ తీసి మురిక్కాలవలోకి విసిరాడు.

నేనే వెళ్ళి తీసుకొచ్చాను. పుస్తకాలు ఒక్కొక్కటీ విప్పి ఎండలో పెట్టాను. నాకు కోపం రావడం అరుదు. ఆ రోజు వచ్చింది. బ్యాటరీ చచ్చిపోతే ఛార్జింగు పెట్టి బతికించుకోవచ్చు. భయంతో ముడుచుకుపోయిన పిల్లకి ఏ ఛార్జింగు పెడతావురా అని గోడ మీంచి అరవాలనిపించింది. నేను అనేలోగానే అతను బ్యాటరీ విప్పి భుజాన పెట్టుకుని బజారుకి పోయాడు.

బ్యాటరీలు బాగుచేసే మస్తాన్ కొట్టు ముందు పండగ రద్దీ. ఆటోల బ్యాటరీలు, ట్రాక్టర్ల బ్యాటరీలు వరసలో ఉన్నాయి. పండగ వెళ్ళాక గానీ కుదరదన్నాడు మస్తాన్. చెన్నకేశవులు అక్కడే నిలబడి నోటికొచ్చినట్టు అరిచాడు. వరసలో ఉన్న ఆటోవాళ్ళు, ఈయనకి ఇచ్చి పంపెయ్ భాయ్, లేకపోతే మా బ్యాటరీలు కూడా భయపడి దిగిపోతాయి అని నవ్వారు. ఆ నవ్వుకి ఇంకా మండిపోయాడు. చివరికి మస్తాన్ విసిగిపోయి, మూలనున్న పాత ఛార్జరు దులిపి అతని చేతిలో పెట్టాడు. ఎర్ర క్లిప్పు ఏ వైపు, నల్ల క్లిప్పు ఏ వైపు పెట్టాలో చూపించాడు.

"సన్నగా ఎక్కనియ్ అన్నా, తొందరపడొద్దు. ఇంకో మాట, దీన్ని మూసిన గదిలో…"

"నా బండి సంగతి నువ్వు నాకు చెప్పేదేంది?" అని ఛార్జరు లాక్కుని చెన్నకేశవులు వచ్చేశాడు.

మస్తాన్ మిగతా మాట మింగేశాడు. పండగపూట ఎందుకొచ్చిన గొడవ అనుకున్నాడట. ఎవరు మాత్రం అనుకోరు?

వాళ్ళ ఇంట్లో పెద్ద ప్లగ్గు ఉన్నది ఒక్క సామాన్ల గదిలోనే. గ్రైండరు కోసం పెట్టించుకున్నది. దేవుడి పటాలు కూడా ఆ గది గోడకే ఉండేవి. చిన్న ఇళ్ళల్లో అంతే కదా, బియ్యం బస్తాలూ దేవుళ్ళూ ఒక్కచోటే సర్దుకుంటారు. ఉన్న ఒక్క కిటికీకీ ఆ బస్తాలే అడ్డం. చెన్నకేశవులు బ్యాటరీని అక్కడ పెట్టి, క్లిప్పులు తగిలించాడు. సన్నగా ఎక్కించమన్న మాట గుర్తొచ్చి మరీ, ఛార్జరు మీద జోరు పెంచే మరను కావాలనే చివరిదాకా తిప్పాడు. తలుపు దగ్గరికి వేసి, నేను చెప్పేదాకా ఎవరూ ముట్టుకోకూడదన్నాడు.

నవమి పొద్దున వెంగమ్మ దేవుడి ముందు ఊడుద్దామని ఆ తలుపు తీసింది. గొంతు పట్టేసే వాసన ఆమె ముఖానికి కొట్టింది. కుళ్ళిన గుడ్డు వాసన లాంటిది. బ్యాటరీ లోపల ఎసరు కాగుతున్నట్టు కుతకుత చప్పుడు. దాని పక్కలు ఉబ్బి ఉన్నాయి. చెయ్యి దగ్గరగా పెడితే సెగ తగిలింది. ఆమె ఊడవకుండానే బయటికి వచ్చేసింది. ఆ పొద్దున దేవుడి దీపం కూడా ఆ గదిలో వెలిగించలేదు. ఎందుకో ఆమెకే తెలియదు, ఏదో మనసొప్పలేదు అంతే. కుందులు బయటికి తెచ్చి వసారాలో వెలిగించింది.

చెన్నకేశవులు అప్పుడు కారుకి బంతిపూల దండ కడుతున్నాడు. వెంగమ్మ దగ్గరికి వెళ్ళి, ఏమండీ, ఆ గదిలో అని మొదలుపెట్టింది.

"పండగపూట నోరు తెరవకు" అన్నాడు అతను, వెనక్కి కూడా తిరగకుండా.

ఆమె నోరు మూసుకుంది.

నేను మా పెరట్లో పూసిన నందివర్ధనాలు బుట్టలో వేసుకుని వాళ్ళ వాకిట్లోకి వెళ్ళాను. కారుకి పసుపూ కుంకుమా పెట్టారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. దిష్టి తీయడానికి బూడిదగుమ్మడికాయ సిద్ధంగా ఉంది. అతను హారతి పళ్ళెంలో కర్పూరం పెట్టి, కారు ముందు నిలబడి, మళ్ళీ ఆగాడు. బ్యాటరీ లేని బండి ప్రాణం లేని ఒళ్ళులాంటిదని, ప్రాణం లోపలి గదిలో ఉంటే ఒట్టి ఒంటికి హారతి ఏమిటని అన్నాడు. ముందు ప్రాణానికి ఇచ్చి, తర్వాత బండికి ఇస్తానన్నాడు. వినడానికి నాకు బాగానే ఉంది. అంత భక్తి ఉన్నవాడికి అంత కోపమెందుకో అనుకున్నాను. ఆ గదిలో ఏముందో నాకేం తెలుసు?

అతను వసారాలో కర్పూరం వెలిగించి, పళ్ళెం పట్టుకుని సామాన్ల గది వైపు నడిచాడు. వెనకే ప్రసన్న గంట పట్టుకుని నడిచింది. గుమ్మం పక్కనే వెంగమ్మ నిలబడి ఉంది. అతను తలుపు తీశాడు. ఆ క్షణంలో వెంగమ్మ చెయ్యి చాచి కూతురి జబ్బ పట్టుకుని వెనక్కి లాగి, తన ఒంటికి అదుముకుంది. గంట కిందపడి దొర్లింది. ఏంటా చప్పుడు అని అతను లోపల్నుంచి కసురుకున్నాడు. కసురుకుంటూనే బ్యాటరీ మీదికి వంగి పళ్ళెం తిప్పాడు.

ఆ చప్పుడు ఎలా చెప్పను? మా వసారా రేకులు అదిరిపడ్డాయి. నువ్వుల నూనె డబ్బా అంత ఉంటుందేమో ఆ పెట్టె. అంత చిన్న దానిలో అంత కోపం ఎలా పట్టిందో అని ఇప్పటికీ అనుకుంటాను. పటాల అద్దాలు పగిలి రాలాయి. చెన్నకేశవులు రెండు చేతులతో ముఖం కప్పుకుని, కళ్ళు, నా కళ్ళు అంటూ గుమ్మం తడుముకుంటూ బయటికి వచ్చాడు. బ్యాటరీలో ఉండే యాసిడ్ అతని ముఖమంతా పడింది.

వెంగమ్మ పిల్లని నా వైపు తోసి, అతని జుట్టు పట్టుకుని పంపు దగ్గరికి ఈడ్చుకుపోయింది. తల వంచి, కళ్ళు రెండూ వేళ్ళతో తెరిచి, ధార కింద పెట్టింది. అతను మంటకి గింజుకుంటూ ఆమెని తోసేశాడు, తిట్టాడు.

"కదిలావంటే చంపుతా. కళ్ళు తెరువు" అని ఆమె గట్టిగా అరిచింది.

పెళ్ళయిన నాటి నుంచీ ఆమె అతన్ని నువ్వు అనడం నేను వినలేదు. అతను కదలడం మానేశాడు. పంపులో నీళ్ళు తగ్గితే నేను మా తొట్టిలో నీళ్ళు బిందెలతో అందించాను. ఆటో వచ్చేదాకా ఆమె నీళ్ళు పోస్తూనే ఉంది. ఒంగోలులో కంటి డాక్టరు చూసి, వెంటనే అన్ని నీళ్ళు పోసినవాళ్ళెవరో వాళ్ళకి దణ్ణం పెట్టుకో అన్నాడట. కుడి కన్ను దక్కింది. ఎడమ కంటికి మసక మిగిలింది.

ఎందుకు పేలిందో తర్వాత అందరికీ తెలిసింది. బ్యాటరీకి ఛార్జింగు ఎక్కేటప్పుడు దానిలోంచి ఒక గాలి పుడుతుంది. ఆ గాలికి నిప్పు చూపిస్తే భగ్గుమంటుంది. అందుకే ఆరుబయటో, తలుపులూ కిటికీలూ తెరిచిన చోటో పెట్టాలి. దరిదాపుల్లో అగ్గిపుల్ల కూడా గీయకూడదు. మస్తాన్ మింగేసిన సగం మాట అదే.

రెండు కళ్ళకీ కట్టుతో చెన్నకేశవులు వసారాలో మంచం మీద పడుకుని ఉండగా మస్తాన్ చూడటానికి వచ్చాడు. బత్తాయిలు తెచ్చాడు. నేను మజ్జిగ తీసుకుని అప్పుడే వెళ్ళాను. మస్తాన్ గొంతు వినగానే చెన్నకేశవులు మంచం మీద లేచి కూర్చున్నాడు. నువ్వు చెప్పి ఉంటే నాకు ఈ గతి పట్టేదా, నా కళ్ళు నువ్వే తీశావు, కట్టు విప్పనీ నీ సంగతి చెప్తా అని ఊగిపోయాడు. కళ్ళు పోయినంత పనయింది గానీ, నోరు ఎక్కడికీ పోలేదు. మస్తాన్ తలవంచుకుని నిలబడ్డాడు.

బియ్యం ఏరుతున్న వెంగమ్మ చేట కింద పెట్టి లేచింది.

"ఆయన చెప్పబోయాడంట. మీరు చెప్పనిచ్చారా? నేనూ చెప్పబోయాను. నన్ను చెప్పనిచ్చారా? పొద్దున్నే ఆ వాసన నేను చూశాను. అది ఉబ్బడం చూశాను. పేలుతుందని తెలియదు గానీ, అక్కడేదో చెడు ఉందని తెలుసు. నోరు తెరవద్దన్నారు. తెరవలేదు. మీరు పళ్ళెం పట్టుకుని లోపలికి పోతుంటే నా బిడ్డని వెనక్కి లాక్కున్నా. మిమ్మల్ని లాగలా. ఎందుకో తెలుసా? ఆ బ్యాటరీ కంటే నాకు మీరంటేనే ఎక్కువ భయం."

అప్పుడు గోడ పక్కన నిలబడ్డ ప్రసన్న, నాన్నా, కారులో లైటు వేసింది నేనే అంది. ఆ గొంతు వచ్చిన వైపు అతను ముఖం తిప్పాడు. కట్టు కింద కళ్ళు ఏం చేస్తున్నాయో నాకు కనిపించలేదు. మస్తాన్ బత్తాయిలు మంచం కోడు దగ్గర పెట్టి మెల్లగా వెళ్ళిపోయాడు.

వెంగమ్మ అతనికి వేళకి అన్నం పెట్టింది, కంట్లో చుక్కలు వేసింది. అంతకు మించి మాట్లాడలేదు. కట్టు విప్పాక, అతను ఒక్కడే బజారు దాకా నడిచి తిరిగి రాగలిగిన రోజున, ఆమె సంచీ సర్దుకుంది. వెళ్ళేముందు గోడ దగ్గరికి వచ్చింది. బాగయ్యాడు కదే, ఇంకా ఎందుకు పోవడం అన్నాను. అనకుండా ఉండలేకపోయాను.

"అతను బాగయ్యాడు పెద్దమ్మా. నా సంగతి చూసుకోవద్దా? కట్టుకున్నవాడు చెడు దగ్గరికి పోతున్నాడని తెలిసీ నోరు మూసుకుని నిలబడ్డా. నేను అట్టాంటిదాన్ని కాదు. నన్ను అట్టా చేసిన ఇంట్లో ఇంక ఉండలేను" అంది.

పిల్లని తీసుకుని పొదిలి బస్సు ఎక్కింది. ప్రసన్న వెళ్తూ వెళ్తూ నాకు ఒత్తులు ఇంకా రావని గుర్తుచేసింది.

ఇల్లు నిజంగా ప్రశాంతమైపోయింది. చెన్నకేశవులు మొదట్లో గోడల మీద అరిచాడు. పెట్టెలూ డబ్బాలూ ఎత్తి విసిరాడు. ఎవరూ ఎదురు చెప్పేవాళ్ళు లేకపోతే ఎంత కోపిష్టి అయినా ఎంతసేపు అరుస్తాడు? ఒకరోజు పొయ్యి మీద పాలు పొంగి, పొయ్యి ఆరిపోయి, గ్యాసు వాసన మా ఇంటిదాకా వచ్చింది. నేను గోడ దగ్గరికి పరిగెత్తి కేకేశాను. అతను వసారాలోనే కూర్చుని ఉన్నాడు. దెబ్బ తగిలిన నాటి నుంచి ముక్కు సరిగా వాసన పట్టడం లేదట. లేచి వెళ్ళి ఆపేసి, తలుపులన్నీ తెరిచి వచ్చాడు. వచ్చి గోడ పట్టుకుని నిలబడిపోయాడు. వెంగమ్మ ఉంటే చెప్పేది కదూ పెద్దమ్మా అన్నాడు. ఉన్నప్పుడు చెప్పనిచ్చావా నాయనా అన్నాను. అతని దవడలు బిగిశాయి. లోపలికి పోయాడు.

ఆ మర్నాడే పొదిలి వెళ్ళాడు. అక్కడ జరిగింది నాకు వెంగమ్మే చెప్పింది. బావమరిది కుర్చీ వేసి, కూర్చో బావా అన్నాడు. వెంగమ్మ ఎదురుగా గడప మీద కూర్చుంది. నేను ఇన్నాళ్ళూ మింగిన మాటలన్నీ ఇప్పుడు చెప్తాను, మధ్యలో ఒక్క అరుపు అరిచినా లేచి వెళ్ళిపోవాలి, మళ్ళీ రాకూడదు అంది. అతను తల ఊపాడు. ఆమె మొదలుపెట్టింది. ప్రసన్నకి ఒళ్ళు కాలిపోయే జ్వరం వస్తే, లేపితే అరుస్తాడని తెల్లారేదాకా తానొక్కతే తడిగుడ్డలు వేస్తూ కూర్చున్న సంగతి చెప్పింది. కంభం బాడుగకి పోయే ముందు టైరుకి చీలిక చూసి కూడా చెప్పలేక, అతను తిరిగి వచ్చేదాకా దేవుడికి మొక్కుతూ కూర్చున్న సంగతి చెప్పింది. పిల్లకి బళ్ళో నల్లబల్ల కనబడటం లేదని టీచరమ్మ కబురు పంపితే దాచిన సంగతి చెప్పింది. ఇంకా చాలా చెప్పిందట. కొన్ని నాకు చెప్పలేదు.

వింటుంటే అతని ముఖం కందిపోయింది. కుర్చీ చేతులు పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి. ఒక మాట దగ్గర దిగ్గున లేచాడు. అయిపోయింది, ఇప్పుడు అరుస్తాడు అని బావమరిది కూడా లేచాడు. చెన్నకేశవులు పెరట్లోకి వెళ్ళాడు. తొట్టిలో నీళ్ళు తీసుకుని ముఖం కడుక్కున్నాడు. మళ్ళీ వచ్చి అదే కుర్చీలో కూర్చున్నాడు.

"తర్వాత?" అన్నాడు.

వెంగమ్మ అప్పుడు ఏడ్చిందట, మొదటిసారి.

అయినా ఆమె వెంటనే మనసు మార్చుకోలేదు. అతను ఎన్నోసార్లు వెళ్ళాడు, కూర్చున్నాడు, విన్నాడు, వచ్చేశాడు. మస్తాన్ కొట్టుకి కూడా వెళ్ళి, ఆ రోజు నువ్వు చెప్పబోయింది పూర్తిగా చెప్పు అని అడిగి విన్నాడు. కొత్త బ్యాటరీ వేసి బండి తీశాడు. ప్రసన్నకి కళ్ళజోడు వచ్చింది. చివరికి వెంగమ్మ సరేనంది. కానీ మార్కాపురం గడప తొక్కనన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. సంసారం పొదిలిలోనే పెడదామంది. అక్కడ బాడుగలు దొరుకుతాయో లేదోనని అతను ఒక్క మాట కూడా అనలేదు.

సామాను తీసుకుపోవడానికి ఒక్కడే వచ్చాడు. పొద్దుటి నుంచి చెమటలు కక్కుతూ మంచం, గ్రైండరు, ట్రంకు పెట్టెలు కారు పైకి ఎక్కించి తాడు బిగించాడు. నాకు దణ్ణం పెట్టి, పోయొస్తా పెద్దమ్మా అని స్టీరింగు ముందు కూర్చున్నాడు. అప్పుడు చూశాను, వెనక వైపు తాడు జారి, మంచం కోడు గాల్లో ఊగుతోంది. బయల్దేరే బండి దగ్గర అనాల్సిన మాట కాదు అది. నేను నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాను. అతను అద్దంలోంచి చూశాడు.

ఏంది పెద్దమ్మా, చెప్పు అన్నాడు. ఏం లేదు నాయనా అన్నాను. కారు దిగి నా ముందుకి వచ్చి నిలబడ్డాడు. ఇక తప్పక, వెనక తాడు వదులైంది అన్నాను. అతని చెవులు ఎర్రబడ్డాయి. పళ్ళు కొరికాడు. అతను పోయి మొత్తం తాడు విప్పి, మొదటి నుంచి మళ్ళీ కట్టాడు. కట్టి, కోడు పట్టుకుని ఊపి చూసుకుని, కారు ఎక్కాడు. ఎక్కాక అద్దం దించాడు.

"కోపం ఇంకా వస్తది పెద్దమ్మా, నీకు కనబడే ఉంటది. అయినా చెప్పడం మానొద్దు. అరిచి అరిచి అందరి నోళ్ళూ మూయించినవాడికి, రాబోయే ఆపద చెప్పే నోరు ఒక్కటి కూడా మిగలదు."